హాలు నిండింది, కొట్టుగది ఖాళీగా ఉంది: ఒక ఇల్లు సర్దిన కేస్ స్టడీ

నేపథ్యం

ఇళ్లలో పేరుకుపోయిన సామాను తగ్గించి, శుభ్రం చేసి, తిరిగి సర్దిపెట్టే పనిలో నేను తొమ్మిదేళ్లుగా ఉన్నాను. ఇద్దరు సహాయకులతో నడిపే చిన్న వ్యాపారం ఇది. చేసిన ఇళ్లన్నింటిలో ఈ ఒక్కదాని గురించే వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇక్కడ రెండుసార్లు ఓడిపోయాక గాని అసలు సమస్య ఎక్కడుందో నాకు అంతు చిక్కలేదు. ఆ రెండు ఓటములకూ కారణం నాకు అనుభవం ఉందన్న ధీమాయే. ఇంటివారి అనుమతి తీసుకుని రాస్తున్నాను. వారిని గుర్తుపట్టగల వివరాలు కొన్ని వదిలేశాను, కొన్ని మార్చాను.

ఆ ఇంటి యజమానురాలు పెద్దమ్మగారికి 71 ఏళ్లు. భర్త పోయి నాలుగేళ్లయింది. కృష్ణా డెల్టాలోని ఒక పట్టణంలో, 1980లలో కట్టుకున్న డాబా ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. మొజాయిక్ గచ్చు వేసిన హాలు, రెండు పడకగదులు, వంటిల్లు, దేవుడి గది, వంటింటి వెనక కడప బండలు పరిచిన కొట్టుగది, ముందు వసారా. కొడుకు అమెరికాలో ఉంటాడు. కూతురు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తుంది. 2024 జూలై మొదటి వారంలో నాకు ఫోన్ చేసింది కూతురే.

సమస్యగా నా ముందుకు వచ్చింది

కూతురు చెప్పిన మాట ఇది: "అమ్మ ఒక్క వస్తువు కూడా పారేయనివ్వదండీ. హాల్లో నడవడానికి దారి లేదు. మొన్న ట్రంకుపెట్టె తగిలి పడింది, చెయ్యి బెణికింది." వెళ్లి చూస్తే ఆమె చెప్పినదాంట్లో అతిశయోక్తి ఏమీ లేదు. వీధి గుమ్మం నుంచి వంటింటి దాకా అడుగున్నర వెడల్పు దారి మిగిలింది. దానికి అటూ ఇటూ మూడు ట్రంకుపెట్టెలు, విప్పి నిలబెట్టిన నవారు మంచం, బియ్యం బస్తా, ఒక గంగాళం, దానిలో రెండు కాగులు, వాటిలో ఇత్తడి చెంబులు, ఇవి గాక నలభైకి పైగా అట్టపెట్టెలు ఉన్నాయి. ఒక పడకగది తలుపు సగమే తెరుచుకుంటుంది. పెద్దమ్మగారు హాల్లో దివాన్ మీద పడుకుంటున్నారు. వంటింటి గట్టు మీద సగం చోటు డబ్బాలతో నిండిపోయింది. మెంతుల పొట్లాలు ఐదు దొరికాయి, ఐదూ చించినవే.

కొట్టుగది మాత్రం ఖాళీగా ఉంది. పది అడుగులకు ఎనిమిది అడుగుల గదిలో విరిగిన కుర్చీ, పాత కుంపటి తప్ప ఏమీ లేవు. ఆ రోజు నా పుస్తకంలో "వెనక గది ఖాళీ, తర్వాత వాడుకోవచ్చు" అని రాసుకున్నాను. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. ఇంత సామాను ఉన్న ఇంట్లో ఒక గది ఎందుకు ఖాళీగా ఉందని అడగవలసిన చోట, దొరికిన చోటుకు సంతోషపడి ముందుకు వెళ్లిపోయాను.

ఇది జబ్బా, కాదా అన్న ప్రశ్న

పని ఒప్పుకునే ముందు రెండు అనుమానాలు తీర్చుకోవలసి వచ్చింది. పనికిరాని వస్తువులను సైతం వదులుకోలేక, ఇల్లు ఇంట్లా వాడుకోవడానికి వీల్లేకుండా పోగుచేసుకునే స్థితిని అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రచురించిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల గ్రంథంలో ప్రత్యేకమైన రుగ్మతగా చేర్చారు. అటువంటి కేసు నా చేతికి వస్తే నేను ముట్టుకోను. మానసిక వైద్యుని దగ్గరకు పంపిన తర్వాతే, ఆయన చెప్పినట్టే చేస్తాను. సామాను బలవంతంగా తీసేస్తే అలాంటివారి పరిస్థితి మరింత దిగజారుతుంది. పెద్దమ్మగారిని ఒక పూటంతా గమనించాను. పాల కవర్లు కడిగి ఆరేసి వారానికోసారి అమ్మేస్తున్నారు, పనిమనిషి అడిగిన చీర అప్పటికప్పుడు తీసి ఇచ్చేశారు, చెత్తబండి వచ్చే వేళకు తడి చెత్త గేటు దగ్గర పెట్టి ఉంది. వదులుకోవడమే బాధగా ఉన్న మనిషి ఇలా ఉండరు.

మతిమరుపు సంగతి రెండోది. ఒకే సరుకు ఐదుసార్లు కొని ఉండటం చూస్తే ఆ అనుమానం ఎవరికైనా వస్తుంది. అయితే ఏ డబ్బాలో ఏముందో అడిగితే తడుముకోకుండా చెప్పారు. "మెంతులు కింద అరలో ఉన్నాయమ్మా, నాకు తెలుసు. వంగితే మోకాలు పట్టేస్తుంది, కొట్టువాడికి ఫోన్ చేస్తే పదినిమిషాల్లో తెచ్చిస్తాడు." కుటుంబ వైద్యునికి ఒకసారి చూపించమని కూతురికి చెప్పాను, ఆయనా మతిమరుపు లేదన్నాడు. అప్పుడు పని ఒప్పుకున్నాను.

మొదటి ప్రయత్నం: కుప్ప పోయడం

శుక్రవారం మొదలుపెట్టాను. శని, ఆదివారాలు కూతురికి సెలవు, మూడు రోజులు కలిసొస్తాయన్నది నా లెక్క. మంగళవారం, శుక్రవారం ఇంట్లోంచి ఉప్పు, ఇత్తడి, డబ్బు బయటికి పంపని ఇళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయని తెలిసి కూడా కూతురి సెలవు వైపే మొగ్గాను. పెద్దమ్మగారు అడ్డు చెప్పలేదు. ఆవిడ మౌనాన్ని అంగీకారంగా లెక్కవేసుకున్నాను.

నేను ఎంచుకున్న పద్ధతి, ఒక రకం వస్తువులన్నిటినీ ఒకచోట కుప్ప పోసి, ఎన్ని ఉన్నాయో ఇంటివారికి కళ్లకు కట్టించి, ఉంచేవి, ఇచ్చేవి, తీసేసేవి అని మూడు భాగాలు చేయించడం. అపార్ట్‌మెంట్లలో ఉండే ముప్పై, నలభై ఏళ్లవారి దగ్గర ఇది బాగా పనిచేస్తుంది. తమకు పద్నాలుగు దుప్పట్లు ఉన్నాయని కుప్ప చూస్తే గాని వారికి తెలియదు, తెలియగానే సగం ఇచ్చేస్తారు. ఇక్కడ 62 స్టీలు గిన్నెలు, పళ్లేలు హాలు మధ్యలో పోశాం. ఒక్కొక్కటే చేతికిచ్చి "ఇది కావాలా అమ్మగారూ?" అని అడిగాను. ఆవిడ ప్రతిదాన్నీ వెనక్కి తిప్పి చూసి, "ఉండనీ" అన్నారు. నలభయ్యో గిన్నె దగ్గర లేచి వెళ్లి దివాన్ మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. ఎందుకు వెనక్కి తిప్పి చూస్తున్నారో నేను అడగలేదు.

ఆ తర్వాత నిర్ణయాలు కూతురు చేయడం మొదలుపెట్టింది, నేను ఆపలేదు. సాయంత్రానికి వసారాలో పదకొండు సంచులు చేరాయి. మర్నాడు పొద్దున వెళ్లేసరికి రెండే ఉన్నాయి. తొమ్మిది సంచులనూ రాత్రి ఒక్కరే లోపలికి మోసుకుపోయారు, ఆ మోకాలితో, ఆ బెణికిన చేత్తో. ఆవిడ మళ్లీ పడిపోకుండా చూడటానికి పిలిస్తే వచ్చిన నేను, అర్ధరాత్రి ఆవిడ చేత బరువులు మోయించాను.

మిగిలిన రెండు సంచుల్లో ఒకదాన్ని నేను గమనించేలోపే కూతురు పాత పేపర్లవాడికి తూకానికి ఇచ్చేసింది. అందులో వారపత్రికల మధ్య ఆవిడ భర్త రాసుకున్న ఇంటి ఖర్చుల పుస్తకాలు మూడు ఉన్నాయని మధ్యాహ్నం తెలిసింది. కొట్టుకు వెళ్లి కాగితాల గుట్ట తిరగేస్తే రెండు దొరికాయి. మూడోది అప్పటికే లారీ ఎక్కిపోయింది. తెచ్చిన రెండూ పెద్దమ్మగారి చేతిలో పెట్టి క్షమించమని అడిగాను. "పోన్లే అమ్మా, 98 నాటిది అది. ఆ ఏడు పెద్ద ఖర్చులేం లేవు" అన్నారు.

ఆ వారమే కూతురు నాకో దారి చూపించింది: తల్లిని పది రోజులు హైదరాబాద్ తీసుకెళ్తాను, ఈలోగా మీరు ఇల్లు ఖాళీ చేసేయండి అని. డబ్బు రెట్టింపు ఇస్తామన్నారు. పని కూడా నిజానికి తేలికైపోయేది. ఒప్పుకోకపోవడానికి నా కారణాలు రెండు. ఇల్లు ఆవిడది, సామాను ఆవిడది, ఆవిడ లేనప్పుడు తీసిన వస్తువుకు నేనిచ్చే జవాబు ఏదీ చెల్లదు. పైగా, నేను తీసేసిన తర్వాత ఆవిడ చేత్తో ఏ అలవాటూ మారదు కాబట్టి, రెండేళ్లలో హాలు మళ్లీ నిండుతుంది.

రెండో ప్రయత్నం: పెట్టెలు

ఆగస్టులో వ్యూహం మార్చాను. తగ్గించడం పక్కనపెట్టి, ఉన్నదాన్నే సర్దుదామనుకున్నాను. మూతలున్న ప్లాస్టిక్ పెట్టెలు 24 కొనిపించి, ఒక్కొక్కదాని మీద చీటీ అంటించి, హాల్లో రెండు గోడల వెంట పేర్చాం. దారి నాలుగు అడుగులకు పెరిగింది. ఫోటోలు తీసుకున్నాం, అందరూ సంతోషించారు. నా సహాయకురాలు ఒకామె మాత్రం పెట్టెల వరుస చూసి, "అక్కా, ఇది గోడౌన్‌లా ఉంది గాని ఇల్లులా లేదు" అంది. పట్టించుకోలేదు.

ఆగస్టు 31న, సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు ముంచెత్తిన ఆ వానలు డెల్టా అంతటా పడ్డాయి. సెప్టెంబరు మధ్యలో చూడటానికి వెళ్తే పెట్టెల ముందు మళ్లీ అట్టపెట్టెలు చేరి ఉన్నాయి. కింద పెట్టె తీయాలంటే పైనున్న మూడూ దించాలి, అది ఆవిడ వల్ల కాదు. అందుకని తీసిన వస్తువు తిరిగి లోపలికి పోలేదు, బయటే ఉండిపోయింది. పెట్టెలు కొనడం వల్ల ఇంట్లోకి మరో 24 వస్తువులు వచ్చాయంతే.

ఆ రోజు వసారాలో కూర్చుని కాఫీ తాగుతుండగా, జూలైలో అడగవలసిన మాట అడిగాను. "అమ్మగారూ, వెనక గది ఖాళీగానే ఉంది కదా, అందులో ఏమీ పెట్టరెందుకు?"

"అందులోనేనమ్మా ఇవన్నీ ఉండేవి. గోడ చెమరుస్తుంది. ఆయన పోయిన ఏడు వానాకాలంలో బియ్యం బస్తా బూజు పట్టిపోయింది. అప్పటినించి ఒక్కొక్కటే ముందుకి తెచ్చుకుంటున్నాను."

కూతురు నాకు చెప్పినదీ, నేను నమ్మినదీ ఒక్కటే: ఈ ఇంట్లో సామాను ఎక్కువ. నిజానికి నలభై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్న సామాను పెద్దగా పెరగలేదు. దాని గది పోయింది. కొట్టుగదిలో ఉండవలసినవి హాల్లోకి, హాల్లో ఉండవలసినవి పడకగదిలోకి, పడకగదిలో పడుకోవలసిన మనిషి దివాన్ మీదికి జరిగారు. ఇలాంటి పనులు చూసుకునే భర్త లేరు. పిల్లలకు ఫోన్లో గోడ గురించి చెబితే వానాకాలం గోడలు అలాగే ఉంటాయన్నారు.

గోడ సంగతి

అందరూ వాన వల్లనే అన్నారు. వాననీళ్లయితే డాబా మీద వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, అది పెద్ద ఖర్చు. కారణం తేలకుండా ఖర్చు పెట్టించడానికి మనసొప్పలేదు. ముందుగా గోడ మీద చెమ్మ ఉన్నచోట అడుగు వెడల్పున పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులా టేపుతో గాలి చొరకుండా అంటించి రెండు రోజులు ఉంచాం. నీటి బొట్లు కాగితానికి గదివైపున పడితే గాలిలోని తేమ, గోడవైపున పడితే గోడలోంచి వచ్చే నీరు. గోడవైపే పడ్డాయి.

తర్వాత పెన్సిలుతో చెమ్మ అంచు వెంట గీత గీసి, పక్కన తేదీ వేయమని పెద్దమ్మగారికి చెప్పాను. ఆవిడ రోజూ పొద్దున పాలు కాచాక ఈ పని శ్రద్ధగా చేశారు. పది రోజులు చినుకు లేకపోయినా మూడు రోజులు గీత పైకి జరిగింది. ఆ మూడు రోజులూ ముందు రాత్రి మోటారు ఆపడం మరిచిన రోజులేనని ఆవిడే లెక్క తీసి చెప్పారు. ప్లంబరును డాబా ఎక్కించి చూస్తే ట్యాంకు నిండాక నీళ్లు బయటికి పోయే గొట్టం పిట్టగోడ లోపలే విరిగి ఉంది. పొంగిన నీళ్లన్నీ గోడలోకి దిగుతున్నాయి. బాగుచేయడానికి ఒక పూట పట్టింది. ట్యాంకులో నీరు నిండితే మోటారు తనంతట ఆగే పరికరం కూడా పెట్టించాం.

ఇక్కడ నా సహాయకుల చేత జరిగిన ఒక పొరపాటు చెప్పాలి. మన భాషలో సాలీడు గూళ్లనూ బూజే అంటాం, చెమ్మకు పట్టే శిలీంధ్రాన్నీ బూజే అంటాం. గోడకు బూజు దులపమని నేనంటే, కుర్రాడు బూజుకర్ర పట్టుకుని నల్లటి మచ్చల మీద బరబరా దులిపేశాడు. గది నిండా పొడి లేచింది, ఇద్దరం సాయంత్రం దాకా దగ్గుతూనే ఉన్నాం. చెమ్మ బూజును పొడిగా దులిపితే దాని బీజాలు గాలిలో కలిసి మిగతా గోడలకూ బట్టలకూ చేరతాయి. ముక్కుకు మాస్కు కట్టుకుని, కిటికీ తెరిచి, సబ్బునీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయాలి. గోడ మీద తెల్లగా పూసిన ఉప్పును మాత్రం నీళ్లతో కడగకూడదు, కడిగితే కరిగి తిరిగి గోడలోకే పోతుంది. దాన్ని పొడి బ్రష్‌తో గీకి చేటలోకి ఎత్తాలి. ఒకే గోడ మీద, జానెడు దూరంలో, ఒకదానికి తడి, మరొకదానికి పొడి. అప్పటినుంచి మా వాళ్లతో "బూజు" అన్న మాట ఒంటరిగా వాడటం మానేశాను.

గచ్చు విషయంలో పెద్దమ్మగారు బాత్‌రూమ్ యాసిడ్ సీసా తెచ్చిచ్చారు. వద్దన్నాను. కడప బండ సున్నపురాయి జాతిది, యాసిడ్ పడితే పైపొర తినేసి గరుకై, తర్వాత మురికి మరింత పడుతుంది. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఒకచోట వాడితే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఈ రెండు సీసాలూ మన ఇళ్లలో ఒకే అలమరలో పక్కపక్కన ఉండటం నేను తరచుగా చూస్తాను. ఆ గచ్చుకు సబ్బునీళ్లు, కొబ్బరిపీచు సరిపోయాయి.

గోడ ఆరడానికి తొమ్మిది వారాలు పట్టింది. కూతురు వెంటనే రంగు వేయించేయమంది. తడి గోడ మీద ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే లోపలి నీరు బయటికి రాలేక రంగును పొక్కులుగా ఎత్తేస్తుంది. పెన్సిలు గీతలు వరుసగా కిందికి దిగి, ప్లాస్టిక్ కాగితం మళ్లీ అంటించినా పొడిగా ఉన్నాక, డిసెంబరు రెండో వారంలో సున్నం వేయించాం. సున్నం గోడను ఊపిరి పీల్చుకోనిస్తుంది.

ఎవరిది అన్న ప్రశ్న

గోడ ఆరే తొమ్మిది వారాలూ ఖాళీగా కూర్చోలేదు. వారానికి రెండు రోజులు, మంగళ, శుక్రవారాలు కానివి చూసుకుని, పొద్దున పూజ అయ్యాక నలభై నిమిషాలు, కాఫీ తర్వాత మరో నలభై నిమిషాలు. అంతకుమించి ఒక్క నిమిషం కూడా పొడిగించలేదు. అలసిన మనిషి దేనికైనా "ఉండనీ" అంటారని గిన్నెల కుప్ప దగ్గర నేర్చుకున్నాను.

గిన్నెలను వెనక్కి తిప్పి ఎందుకు చూశారో ఈసారి అడిగాను. పేర్ల కోసం. మన పెళ్లిళ్లలో స్టీలు సామాను మీద ఇచ్చినవారి పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా కొట్టించే అలవాటు ఉంది కదా. ఒక పళ్లెం వెనక ఆడపడుచు పేరు, ఒక గిన్నె వెనక కూతురి పెళ్లి తేదీ, ఒక టిఫిన్ క్యారేజీ మూత మీద భర్త ఆఫీసువాళ్ల కానుక. నేను "కావాలా, వద్దా" అని అడిగాను. ఆవిడ మనసులో నడుస్తున్న ప్రశ్న "ఇది ఎవరిది" అని. ఇతరుల వస్తువును పారేయడానికి తనకు హక్కు లేదన్నది ఆవిడ పెంపకం.

ఇక ప్రశ్నే మార్చేశాం. ప్రతి వస్తువుకూ ముందు హక్కుదారు ఎవరో తేల్చి, సుద్దముక్కతో పేరు రాశాం. కూతురి పెళ్లిలో వచ్చిన సామానంతా ఒకవైపు చేరింది. కొడుకు ఇంజినీరింగ్ పుస్తకాలు, అతను కొని పంపిన నడక యంత్రం మరోవైపు. మొత్తం మీద చూస్తే మూడో వంతుకు పైగా పిల్లలది. అమ్మ ఏదీ పారేయనివ్వదని నాకు ఫోన్ చేసిన కూతురివే ఆరు అట్టపెట్టెలు, పెళ్లయి వెళ్తూ "తర్వాత తీసుకెళ్తా" అని వదిలినవి. ఫోటోలు తీసి ఇద్దరికీ వాట్సాప్‌లో పంపి, ఒక్కో వస్తువుకూ తీసుకెళ్తారో, ఎవరికి ఇవ్వాలో దీపావళిలోగా చెప్పమన్నాను. కొడుకు రెండు రోజుల్లో జవాబిచ్చాడు. కూతురు దీపావళి దాటినా ఇవ్వలేదు.

తనదని తేలినదాన్ని వదలడంలో పెద్దమ్మగారికి ఏ ఇబ్బందీ లేదు, అది ఎక్కడికి పోతుందో తెలిస్తే చాలు. అందుకని వస్తువు చేతికి ఇవ్వకముందే దాని దారి చూపించాం. మెత్తబడిన నూలు చీరలు బొంతలు కుట్టే ఆవిడకు. పుస్తకాలు శాఖా గ్రంథాలయం ఎంతవరకు తీసుకుంటే అంతవరకు. ఇత్తడిలో రెండు బిందెలు, గంగాళం ఉంచుకుని, మిగతావి తూకానికి. తూకం దగ్గర ఆవిడే కూర్చున్నారు, కాటాలో రాళ్లు కూడా ఆవిడే సరిచూశారు. విరిగిన కుర్చీ, పుచ్చిన పీటలు, ఈతాకు చాపలు భోగిమంటకని పక్కన పెట్టాం, ప్లాస్టిక్ నవారు మాత్రం విప్పి తీసేశాం.

కాగితాలు, మందులు

వీటిని విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తొందరపడితే నష్టం తిరిగి రాదు. కాగితాలను మొదటి రోజున ముట్టుకోకూడదని ఇప్పుడు నియమం పెట్టుకున్నాను. ఖర్చుల పుస్తకం నేర్పిన పాఠం అది. ఇంటి దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు, ఆస్తి మీది లావాదేవీలు చూపే ఇ.సి.లు, పట్టాదారు పాసుపుస్తకం, పెన్షన్ మంజూరు పత్రం (పీపీఓ), మరణ ధ్రువీకరణ పత్రం, బీమా బాండ్లు బీరువా లాకర్‌లో ఒకే సంచిలో చేరాయి. కరెంటు బిల్లులు, మందుల చీటీలు సంవత్సరాల వారీగా చూసి చాలావరకు తీసేశాం.

ఒక పాత పంచాంగంలో భర్త పేరు మీద ఆంధ్రా బ్యాంకు డిపాజిట్ రశీదు దొరికింది, గడువు 2012లో తీరింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న నిధికి పంపేస్తాయి, అయినా వారసులు బ్యాంకు ద్వారా తిరిగి కోరవచ్చు. ఇలాంటివి వెతకడానికి రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఉద్గమ్ అనే పోర్టల్ తెరిచింది. కొడుకు అక్కడ వెతికి చూశాడు, పేరు కనిపించింది, మిగతా పని యూనియన్ బ్యాంకు శాఖలో జరిగింది. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ తర్వాత పాత పంచాంగాలను పేజీ పేజీ తిప్పకుండా తీసేయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

భర్తకు వాడిన ఇన్సులిన్ సూదులు ఒక బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. కాలం చెల్లిన మందులు, వాడిన సూదులు అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం ప్రమాదకర గృహ వ్యర్థాలు, తడి పొడి చెత్తలో కలపకూడదు. సూదులను మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి, పైన రాసి, విడిగా అప్పగించాం.

సంక్రాంతికి కొడుకు చంటిబిడ్డతో వస్తున్నాడు. బీరువాలోనూ ట్రంకుపెట్టెల్లోనూ గుప్పెళ్లకొద్దీ ఉన్న నాఫ్తలీన్ ఉండలన్నీ డిసెంబరులోనే తీయించాను. జీ6పీడీ అనే ఎంజైము లోపించిన శిశువులకు ఆ వాసన పీల్చినా, ఆ బట్టలు తగిలినా రక్తకణాలు చిట్లి కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది, లోపం ఉందో లేదో పైకి కనిపించదు. పట్టుచీరలను ఎండ తగలనిచోట గాలికి ఆరవేసి, మడతలు మార్చి, ఉతికిన పాత పంచె ముక్కల్లో చుట్టి పెట్టాం.

ఎక్కడ పెట్టాలి

డిసెంబరు ఆఖరుకు కొట్టుగది సిద్ధమైంది. పెట్టెలను పేర్చడం పూర్తిగా మానేశాం. ఇనుప అరలు బిగించి, గోడకు నాలుగు అంగుళాల ఎడం వదిలాం, గాలి ఆడటానికి, చెమ్మ మళ్లీ వస్తే కనపడటానికి. రోజూ వాడేవి ఆవిడ మోకాలి ఎత్తుకూ భుజం ఎత్తుకూ మధ్యనే ఉండాలన్నది ఏకైక నియమం. అందుకోసం ఆవిడను నిలబెట్టి గోడ మీద రెండు గీతలు గీశాం. వంటింట్లో కింద అరలు ఖాళీ చేసి, పైకి తెచ్చిన మెంతుల డబ్బా గాజుది పెట్టాం, ఎంత ఉందో మూత తీయకుండా తెలుస్తుంది. అటక మీద సూట్‌కేసులు తప్ప ఏమీ లేవు, అవి దించేది వచ్చిన పిల్లలే. భర్త వస్తువులకు ఒక అర కేటాయించాం. అందులో ఏముండాలో నేను అడగలేదు.

24 పెట్టెల్లో తొమ్మిది వాడుకలో మిగిలాయి. మిగతావి నా ఖర్చుతో వెనక్కి తీసుకున్నాను.

నా పద్ధతిలో వచ్చిన మార్పులు

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా సామాను లెక్కపెట్టే ముందు ప్రతి గదిలోనూ ఈ వస్తువు ఇక్కడికి ఎక్కడి నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని అడుగుతాను. ఖాళీగా ఉన్న చోటును నిండిన చోటు కంటే అనుమానంగా చూస్తాను. ఆ తర్వాత చేసిన మరో రెండు ఇళ్లలో కారణం చెమ్మ కాదు. ఒకచోట వెలగని బల్బు, ఇంకోచోట తాళంచెవి పోయిన బీరువా. ఇవి చిన్న సంగతులే, కానీ ఒంటరిగా ఉండే పెద్దవారికి ఎలక్ట్రీషియన్‌ను పిలవడం మనం అనుకున్నంత తేలిక కాదు.

పిలిచినవారికీ, ఇంట్లో ఉండేవారికీ తేడా ఉన్నప్పుడు మొదటి మాట ఇంట్లో ఉండేవారిదే వింటాను. పిలిచినవారి సామాను ఆ ఇంట్లో ఎంత ఉందో కూడా అడుగుతాను, కొంచెం ఇబ్బందికరమైన ప్రశ్నే అయినా. రోజులు కూడా ఇంటివారే చెప్పాలి. పంచాంగం చూసి చెప్పినా సరే.

తర్వాత

2025 జూలైలో, అంటే ఆరు నెలల తర్వాత, మళ్లీ వెళ్లాను. హాల్లో దివాన్, రెండు కుర్చీలు, టీవీ ఉన్నాయి. ఆవిడ పడకగదిలో మంచం మీద పడుకుంటున్నారు. కొట్టుగది గోడ మీద పాత పెన్సిలు గీతలు సున్నం కింద సన్నగా కనిపిస్తున్నాయి. ఎందుకైనా మంచిదని వానలు మొదలవగానే కొత్త గీత గీశారు, తేదీ వేశారు, అది కదల్లేదు. కొడుకు నడక యంత్రం మాత్రం వసారాలోనే ఉంది. ఎవరూ కొనలేదు, దాని కడ్డీ మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి.

కూతురి ఆరు అట్టపెట్టెల్లో నాలుగు కింది అరలో అలాగే ఉన్నాయి. వాటి మీద పెద్దమ్మగారు కొత్తగా సుద్దతో రాసిన అక్షరాలు కనిపించాయి: "దసరాకి తీసుకెళ్తానంది."